అల్లుడిచ్చిన కాలేయం, నేను పెట్టిన పండు

మా అమ్మాయికి కాలేయం మార్చారని చెప్పగానే ఎదుటివాళ్ళు అడిగే మొదటి మాట ఒకటే: "తాగేదా?" భిలాయి సెక్టారు మార్కెట్లో బీరకాయలు ఏరుకుంటుంటే అడిగారు. క్యాంప్ 1లో పెళ్ళి భోజనానికి వెళితే పంక్తిలో పక్కన కూర్చున్నాయన, నాతో ముప్ఫై ఏళ్ళు ఉక్కు ప్లాంటు కోక్ ఓవెన్లలో షిఫ్టులు చేసినవాడు, గొంతు తగ్గించి మరీ అడిగాడు. తగ్గించినందుకు నాకు ఇంకా ఒళ్ళు మండింది. "నువ్వు ఒక్క హోలీకి తాగేసినంత మందు మా ఇంటిమొత్తమ్మీద ఎవులూ కళ్ళతో సూళ్ళేదు" అన్నాను. పంక్తి పంక్తంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. నాకు మాత్రం ఆ రోజు పప్పుచారు రుచించలేదు.

నలభై మూడేళ్ళ పిల్ల. భిలాయి పక్కనే ఉతైలో కాపురం, అక్కడే చిన్న బళ్ళో లెక్కలు చెబుతుంది. ఒంట్లో కాపలా కాయవలసిన కణాలే పొరబడి, సొంత కాలేయాన్ని పగవాడనుకుని ఏళ్ళ తరబడి కొరుక్కుతిన్నాయి. కళ్ళు పచ్చబడి, కాళ్ళు వాచి, పొట్టలో నీరు చేరేదాకా మాకెవరికీ తెలియలేదు. అప్పటికి మందుల పని అయిపోయింది, మార్చడమొక్కటే దారి అన్నారు రాయపూర్ పెద్దాసుపత్రిలో.

నేను ఐదో తరగతితో బడి మానినవాణ్ణి. శ్రీకాకుళం వైపునుంచి పంతొమ్మిదేళ్ళకు ఖలాసీగా భిలాయి వచ్చి, క్యాంపులో ఒకే గదిలో ఆరుగురం సర్దుకుంటూ, ప్లాంటు ఇంగ్లీషు పుస్తకాల్ని డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివి, గేజీలు చూసే పని దాకా ఎదిగాను. నాకు ఎవడూ కూర్చోబెట్టి చదువు చెప్పలేదు కాబట్టి, ఎవడేం చెప్పినా ఊరికే తలూపే అలవాటు లేదు. అందుకే సర్జన్ గారి ముందు నోటుబుక్కు తెరిచి కూర్చున్నాను.

"ఆపరేషన్ బాగా జరిగితే చాలదా?" అని అడిగాను.

ఆయన ఓపిక గల మనిషి. చాలదన్నాడు. ఇచ్చేవాళ్ళ కాలేయం ఎలాంటిదో అక్కణ్ణుంచే కథ మొదలట. దాంట్లో కొవ్వు పేరుకుని ఉంటే కొత్త ఒంట్లో సరిగ్గా పని అందుకోదు. పుచ్చుకునేవాళ్ళు మరీ నీరసించిపోయేదాకా ఆగితే అదీ దెబ్బే. అతికిన సన్నటి రక్తనాళంలో గడ్డ కట్టొచ్చు. పిత్తం పారే గొట్టం కారొచ్చు, లేదా నెలల తర్వాత ఇరుకైపోవచ్చు. క్రిములు పట్టొచ్చు. ఇవన్నీ గడిచినా, ఒళ్ళు ఆ ముక్కను పరాయిదని తిప్పికొట్టొచ్చు. అలా కొట్టకుండా బతికినన్నాళ్ళూ ఒక మాత్ర వెయ్యాలి. ఆ మాత్ర రక్తంలో తగ్గితే కాలేయం పోతుంది, ఎక్కువైతే మూత్రపిండాలు పోతాయి.

"పైవన్నీ చూసుకోడానికి మేమున్నాం అంకుల్‌జీ. ఆ మాత్ర సంగతి మాత్రం మీ ఇంట్లో జరగాలి" అన్నాడు.

బయటికొచ్చాక మా ఆవిడ దిగులుగా, "ఇన్నున్నాయేటండీ? మరి దేవుడేటి సేస్తాడు?" అంది. నాకు మాత్రం చాలా రోజుల తర్వాత హుషారొచ్చింది. రాత, గ్రహం, కర్మ అని ఓదార్చేవాళ్ళతో విసిగిపోయి ఉన్నాను. ఇక్కడేమో మనిషి చేత్తో పట్టుకుని తిప్పడానికి ఇన్ని మరలున్నాయి. ఇంకేం కావాలి?

ఇవ్వడానికి అల్లుడు ముందుకొచ్చాడు. రక్తం గ్రూపు కుదిరింది. ఆసుపత్రి వరండాలో కూర్చున్నన్నాళ్ళూ చూశాను: మొగుళ్ళకి ఇచ్చే పెళ్ళాలు, కొడుకులకి ఇచ్చే తల్లులు. పెళ్ళానికి ఇచ్చే మొగుడు నాకు కనబడినంతలో మావాడొక్కడే. అతని వైపు చుట్టాలు ఫోన్లు చేసి, "సంపాయించే మగోడివి, నువ్వెందుకు కోయించుకుంటావు?" అన్నారట. అది విని నేను చిందులు తొక్కాను. అతను మాత్రం ఆ ఫోను స్పీకర్లో పెట్టి మా అమ్మాయికి వినిపించి, "బోలో మేడమ్, ఇవ్వాలా వద్దా?" అన్నాడు. ఆమె అంత నీరసంలోనూ, "ముందు ఇచ్చీ. తరవాత వద్దంటాలే" అంది.

కానీ స్కాన్‌లో అతని కాలేయంలో కొవ్వు తేలింది. ఇలా పనికిరాదు, మూడు నెలల్లో తగ్గించుకుని రండి, అంతకన్నా ఆగలేం అన్నారు.

ఆ కొవ్వు పెట్టిందెవరు? మా ఆవిడ. పదిహేడేళ్ళుగా అల్లుడు మా గుమ్మంలో అడుగుపెడితే చాలు, బూరెలు, గారెలు, నేతిలో తేలే బొబ్బట్లు. వద్దన్నకొద్దీ వడ్డించడం మా వైపు అత్తగార్ల మర్యాద. పాపం అతనూ కాదనలేక తినేవాడు. ఉతై దగ్గర వర్క్‌షాపులో లేతు మిషను మీద పని, నిలబడిన చోటునుంచి కదలక్కర్లేదు. ఆ మర్యాదంతా లోపల పేరుకుని ఇప్పుడు మా పిల్ల ప్రాణానికి అడ్డం నిలబడింది.

మర్నాటినుంచి అతను పొద్దున్నే ఉతైలో బయల్దేరి మా క్వార్టరు దాకా నడిచి వచ్చేవాడు. నేను గేటు దగ్గర వాచీ చూసుకుంటూ నిలబడేవాణ్ణి. చెమట కారుతూ వచ్చి కంచం ముందు కూర్చునేవాడు.

"అత్తయ్యా, ఏ క్యా హై?"

"కీరదోసకాయ బాబూ."

"ఇంకేటున్నాది?"

"ఇంకో కీరదోసకాయున్నాది."

"నేను ఈ ఇంటి అల్లుణ్ణా, మేకనా అత్తయ్యా?"

మా ఆవిడ చోడి అంబలి గ్లాసు అక్కడ పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయేది. వెనకే వెళితే కొంగుతో కళ్ళొత్తుకుంటోంది. "అల్లుడికి అంబలి పోసి పంపించే రోజొచ్చింది. మా అమ్మ బతికుంటే సూడలేకపోను" అనేది. కూతురి జబ్బుకి అంత ఏడవలేదు ఆవిడ, అల్లుడి కంచానికి ఏడ్చింది.

మూడో నెల చివర మళ్ళీ స్కాన్. రాయపూర్నుంచి ఫోను. "మామయ్యా, పాస్! ఫస్ట్ క్లాస్‌లో పాస్!" అని కేకలు. మా ఆవిడ క్వార్టర్ల లైనులో ఇంటింటికీ లడ్డూలు పంచి, అతనొచ్చేసరికి డబ్బా కడిగి బోర్లించింది.

మే నెల ఎండల్లో ఆపరేషన్ అయింది. పొద్దున లోపలికి తీసుకెళ్తే సాయంత్రం దాటాక బయటికొచ్చారు. ఇద్దరూ బాగున్నారు. నాళం పారింది, గొట్టం కారలేదు. వారం తిరిగేసరికి మా అమ్మాయి కళ్ళలో తెలుపు తిరిగొచ్చింది. ఎన్నాళ్ళకు చూశానో ఆ తెలుపు! ఇంకో సంగతి తెలిసి నేను చిన్నపిల్లాడిలా ఎగిరాను. కోసి ఇచ్చిన కాలేయం ఇచ్చినవాడిలో మళ్ళీ పెరుగుతుంది, పుచ్చుకున్నవాళ్ళలోనూ పెరుగుతుంది. నా జన్మలో ఇంత న్యాయమైన పంపకం ఇంకోటి చూడలేదు.

మొదటి మూడు నెలలూ ఆమె మా క్వార్టర్లోనే ఉండాలని నిర్ణయించాం. మూడో నెల పరీక్ష బాగుంటే ఉతై వెళ్ళొచ్చు, బడికి ఎప్పుడు పోవాలో అప్పుడు చెబుతామన్నారు. ఆమెకు ఆ రోజు మీదే కన్ను. నేను ప్లాంటులో ఉన్నట్టే లాగుబుక్కు తెరిచాను. పొద్దున తొమ్మిదికి మాత్ర, మళ్ళీ రాత్రి తొమ్మిదికి మాత్ర. పరీక్షకి రక్తం ఇచ్చే రోజు, ఇచ్చాకే మాత్ర. బీపీ, బరువు, జ్వరం, తిన్నది, తాగింది, అన్నీ గంటలతో సహా రాసేవాణ్ణి. బయటి తిండి గుమ్మం దాటకూడదు. చూడ్డానికి వచ్చేవాళ్ళు గేటు బయటే నిలబడి చూడాలి. క్యాంపునుంచి ఒక పిన్నిగారు ప్రసాదం పట్టుకొచ్చి గేటుకి నేను కట్టిన గొలుసు చూసి, "ఏట్రా, జైలా?" అంది. "అవును పిన్నీ, ములాకాత్ ఐదు నిమిషాలే" అన్నాను. లోపల్నుంచి ఖైదీ నవ్వింది.

రెండు నెలలు రిపోర్టులు చక్కగా వచ్చాయి. శ్రావణం వచ్చేసరికి గాడి తప్పాయి. మాత్ర రక్తంలో ఉండవలసినదానికంటే ఎక్కువ తేలింది. సరేనని తగ్గించారు. పది రోజులాగి చూస్తే ఇంకా ఎక్కువ! మళ్ళీ తగ్గించారు, మళ్ళీ పెరిగింది. తలనొప్పి, బీపీ. చాయ్ కప్పు పట్టుకుంటే సాసరు టకటకలాడేది. కాగితం మీద తన పేరు రాసుకుని చూసి, "నాన్నా, ఇది ఒకటో క్లాసు పిల్ల రాతలాగున్నాది" అంది. నవ్వుతూనే అంది, కానీ కాగితం మడిచి దిండు కింద పెట్టుకుంది. మూత్రపిండాల లెక్క కూడా చెడుతోందని, పెద్ద పరీక్షకు వచ్చినప్పుడు తేల్చకపోతే ఆసుపత్రిలో చేర్చుకుంటామని ఫోనులో చెప్పారు. ఒకసారి అవి గట్టిగా దెబ్బతింటే పూర్తిగా కోలుకోకపోవచ్చట.

నేను యుద్ధం ప్రకటించాను. ముందు రక్తం తీసే సెంటర్‌కి వెళ్ళి, అక్కడి అమ్మాయిని, సీసాలు తారుమారు చేస్తున్నావని నానా మాటలూ అన్నాను. మందుల షాపువాడిచేత మాత్రల అట్టలన్నీ బల్ల మీద పరిపించి బ్యాచి నెంబర్లు చూశాను. ఆఖరికి అల్లుణ్ణి కూడా వదల్లేదు.

"మీరు దొంగతనంగా కచోరీలేటైనా తెచ్చి పెడుతున్నారా బాబూ?"

"మామయ్యా, నాకే దొరకట్లేదు కచోరీ. దొరికితే నేను తినీకుండా తెస్తానా?"

అనుమానించవలసినవాళ్ళు అయిపోయారు. లాగుబుక్కు మూడుసార్లు తిరగేశాను. అందులో తప్పు లేదు.

పరీక్ష రోజు వచ్చింది. నలుగురం రాయపూర్ బయల్దేరాం. మా ఊరి మర్యాద ఒకటుంది: ప్రాణం నిలబెట్టిన మనిషి దగ్గరికి ఉత్తి చేతులతో పోకూడదు, పెరట్లో కాసింది పట్టుకెళ్ళాలి. నాకు పెరట్లో పంపరపనస చెట్టుంది. క్వార్టరు వచ్చిన ఏడాది మా ఊరినుంచి తడి గోనెలో అంటు చుట్టి, రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చి పాతాను. వినాయకచవితి రోజులు, కొమ్మలు వంగి ఉన్నాయి. తలకాయంతేసి పళ్ళు నాలుగు ఏరి సంచిలో వేసుకున్నాను.

కాలేయాల డాక్టరమ్మ రిపోర్టులు చూస్తూ నుదురు రుద్దుకుంటోంది. నేను సంచి తీసి బల్ల మీద పళ్ళు వరసగా పెట్టాను.

"అరే వాహ్, చకోత్రా!" అందావిడ. హిందీలో పంపరపనసని అలాగే అంటారు. "ఇదేమిటి అంకుల్‌జీ?"

"మీకే డాక్టరమ్మా. మా పెరటివి. మందు కొట్టనివి."

"ఇంట్లో అందరూ తింటారా?"

"అందరికీ ఎక్కడివమ్మా? మా అమ్మాయికే. నెలరోజులై రోజూ నా చేత్తో ఒలిచి, ఉప్పూ కారం జల్లి పెడుతున్నాను" అన్నాను, గర్వంగా.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. నా లాగుబుక్కు దగ్గరికి లాక్కుని పేజీలు తిప్పింది. ఒక నెలంతా తిప్పింది.

"ఇందులో ఎక్కడా లేదే?"

"అది తిండి కాదు కదమ్మా. చెట్టుది" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వస్తుండగానే నాకు ఏదో తేడాగా వినబడింది. కొన్నది రాశాను, వండింది రాశాను. పెరట్లో చెట్టు కింద నిలబడి నోట్లో వేసుకున్నది తిండి కింద లెక్కెయ్యడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. మా ఊళ్ళోనూ లేదు.

ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన కాగితంలో తినకూడని పండొకటి బొమ్మ వేసి మరీ ఉంది. పచ్చటి తొక్క, లోపల ఎర్రటి తొనలు. నేను నిర్లక్ష్యం చెయ్యలేదు. ఆ కాగితం పట్టుకుని మార్కెట్టంతా తిరిగాను. పళ్ళవాళ్ళెవరూ దాని ముఖం చూడలేదన్నారు. ఇక్కడ దొరకదు కాబట్టి ప్రమాదం లేదని దాని మీద అడ్డంగా గీత కొట్టి నిశ్చింతగా ఉన్నాను. మా పంపరపనస ఆ పండుకి కన్నతల్లి లాంటిదని డాక్టరమ్మ చెబితే తెలిసింది. పైకి పేరూ రంగూ వేరు, లోపలి గుణం ఒకటే. పేగులో ఆ మాత్రని కొంత విరిచి పారేసే ఏర్పాటొకటి ఉంటుంది, దాన్ని ఈ రసం పడుకోబెట్టేస్తుంది. విరగాల్సిన మందు విరక్కుండా మొత్తం రక్తంలోకి పోతుంది. నీళ్ళు పోయే కాలవ మూసేసి నేను పైనుంచి రోజూ పంపు నడుపుతున్నానన్నమాట.

"ఇంకో నెల సాగి ఉంటే?" అని అడిగాను.

"ఇప్పుడే పట్టుకున్నాం కదా" అందావిడ. నేను లాగుబుక్కు మూసేశాను.

అప్పుడు నవ్వు వినబడింది. మా అమ్మాయి. కుట్లు పడ్డ పొట్టని రెండు చేతులతో పట్టుకుని మరీ నవ్వుతోంది. "నాన్నా! ఊరంతటినీ తిట్టీసినావు కదా నాన్నా! రక్తం తీసే దీదీని కూడా తిట్టీసినావు!" అల్లుడు గోడవైపు తిరిగి భుజాలు కదిలిస్తున్నాడు. మా ఆవిడ ఒక్కతే నవ్వలేదు. "అల్లుడి కడుపులో కొవ్వు నేనెట్టినానని ఆర్నెల్లై దెప్పుతున్నారు. ఇప్పుడు సెప్పండి" అంది.

పండు మానేస్తే చాలదట, అసలు చిక్కు అక్కడే ఉంది. పండు ఆగితే, తగ్గించి ఉంచిన మాత్ర సరిపోక ఒళ్ళు కాలేయాన్ని తిప్పికొట్టొచ్చు. అందుకని కొద్దికొద్దిగా మాత్ర పెంచుకుంటూ, రెండు మూడు రోజులకోసారి రక్తం చూడాలి. వరసగా మూడు రిపోర్టులు బాగుంటే ఉతైకి పొమ్మంటామన్నారు. నేను సిగ్గుతో పళ్ళు తిరిగి సంచిలో వేసుకోబోతే డాక్టరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఇవి ఇక్కడే ఉండనివ్వండి అంకుల్‌జీ. నాకు ఏ మాత్రా లేదు."

ఇంటికొచ్చి కత్తి తీశాను, కొట్టేద్దామని. మా అమ్మాయి పెరటి గుమ్మంలో అడ్డం నిలబడింది. "చెట్టేటి సేసింది? కాసింది. పెట్టింది నువ్వు." కాయలన్నీ కోసి సెక్టారంతా పంచడానికి బయల్దేరాను. ప్రతి గుమ్మం ముందూ ముందుగా, "దీదీ, మీరు ఏయే మాత్రలు వేసుకుంటున్నారు?" అని అడిగి, పేర్లు రాసుకుని, వేసుకునేవాళ్ళకి డాక్టర్ని అడిగాకే ఇస్తానని చెప్పేవాణ్ణి. మూడో ఇంటావిడ, "అంకుల్, పండు ఇస్తున్నారా, జనాభా లెక్కలు రాస్తున్నారా?" అంది. మాత్ర వెయ్యని ఇళ్ళు మా వయసువాళ్ళ లైన్లలో ఎన్నుంటాయి? సగం కాయలు తిరిగొచ్చాయి. వాటిని స్కూలు కుర్ర మాస్టర్ల క్వార్టర్లకి మోసుకెళ్ళాను.

రక్తం తీసే సెంటర్‌కి కూడా వెళ్ళాను. క్షమాపణ చెప్పడం నాకు చేతకాని పని. గుమ్మంలో నిలబడి, "తప్పు మా చెట్టుది... కాదు, నాది" అన్నాను. ఆ పిల్ల సూది సిద్ధం చేసుకుంటూ, "దాదాజీ, రోజుకొకరు తిడతారు. తిరిగొచ్చి చెప్పింది మీరే" అని చాయ్ తెప్పించింది. ఒకటో రిపోర్టు కొంచెం తగ్గింది. రెండోది ఇంకా బాగుంది. మూడోది వచ్చిన పూట కాగితం నేను చూడలేక మా అమ్మాయి చేతికే ఇచ్చాను. ఆమె వేలు పెట్టి ఒక్కో లెక్కా చదివింది, బళ్ళో పిల్లల నోటుబుక్కులు దిద్దినట్టు. మాత్ర సరిగ్గా ఉంది, మూత్రపిండాలు గాడిలో పడ్డాయి, కాలేయం దివ్యంగా ఉంది.

"పద, సామాను సర్దుతాను. రేపే ఎళ్ళిపోతాం" అంది.

"ఇంకో నెలుండు. ఉతైలో దుమ్ము. లాగుబుక్కు ఎవులు రాస్తారు?"

"నేను రాస్తాను. నాకు లెక్కలొచ్చు."

"నీ మొగుడికి మతిమరుపు."

"నా మొగుడి మతి నాకు అక్కర్లేదు, కాలేయం చాలు."

మాటా మాటా పెరిగింది. ఇద్దరం అరుచుకున్నాం. పక్కింటి దీదీ గోడమీంచి తొంగి చూసి, "క్యా హువా, అంతా ఠీకేనా?" అంది. "అంతా ఠీకే!" అని మా అమ్మాయి అరిచిన అరుపు లైను చివరిదాకా పోయింది. ఏప్రిల్‌లో ఈ పిల్ల మంచినీళ్ళు అడగాలన్నా మంచం కోడు మీద వేలితో తట్టేది.

మర్నాడు పొద్దున మాత్ర వేసుకుని, మాస్కు పెట్టుకుని, స్కూటీ దగ్గరికొచ్చింది. అల్లుడు తాళం చెవి అందించాడు. తీసుకుని తనే ముందు కూర్చుంది. అతను సంచీ ఒళ్ళో పెట్టుకుని వెనక సర్దుకున్నాడు. నేను గొలుసు తీసి గేటు తెరిచాను. మలుపు దగ్గర స్పీడ్ బ్రేకరుంది, అక్కడైనా తగ్గిస్తుందని చూశాను. తగ్గించలేదు. అల్లుడు సంచీతో సహా ఎగిరిపడ్డాడు, ఇద్దరి నవ్వూ ఇక్కడిదాకా వినబడింది.

"మెల్లగా! మెల్లగా ఎళ్ళవే! ఎవులికి సెప్తున్నాను?" అని వీధి మధ్యకొచ్చి గొంతు చించుకున్నాను.

"ఏటండీ అలగరుస్తారు, లైనంతా సూస్తున్నాది" అంది మా ఆవిడ.

"సూడనీ" అన్నాను.